మళ్లీ ఎప్పుడొస్తారు?

జిల్లా పేజీలు తిరగేసే అలవాటున్న వారికి ఆ ఫొటో కొత్త కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఓ వార్డు. మంచం మీద ఓ ముసలమ్మ. ఆమె చేతిలో ఒక బ్రెడ్డు పొట్లం, రెండు అరటిపళ్లు. ఆ పొట్లాన్ని పట్టుకుని పదకొండు చేతులు. పదకొండు ముఖాలూ కెమెరా వైపే. కింద ‘క్లబ్ ఆధ్వర్యంలో రోగులకు పళ్ల పంపిణీ’ అన్న శీర్షిక. ఆ తర్వాత అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, మాజీ అధ్యక్షుడు, కాబోయే అధ్యక్షుడు... అందరి పేర్లూ ఉంటాయి, ముసలమ్మ పేరు తప్ప.

విలేకరిగా చేరిన కొత్తలో ఇలాంటి వార్తలు నేనూ వారానికి మూడు నాలుగు రాసేవాణ్ని. జూలై ఒకటిన కొత్త కార్యవర్గం పదవీ స్వీకారం, వానాకాలంలో మొక్కలు నాటడం, చలికాలంలో దుప్పట్లు, వేసవిలో చలివేంద్రం. పంచాంగం లేకపోయినా ఈ వార్తలు చూసి ఏ నెలో చెప్పేయొచ్చని డెస్కులో నవ్వుకునేవాళ్లం.

ఆ నవ్వు ఒక కంటి శిబిరం తర్వాత ఆగింది. ఆదివారం పూట హైస్కూల్లో ఉచిత పరీక్షలు చేశారు. వార్త రాసింది నేనే. మూడు వారాల తర్వాత బస్టాండులో ఓ పెద్దాయన నన్ను గుర్తుపట్టి ఆపాడు. “బాబూ, ఆ రోజు వాళ్లతో పాటు మీరూ ఉన్నారుగా. అద్దాలిస్తామని కాగితం రాసిచ్చారు. మళ్లీ ఎప్పుడొస్తారు?” నా దగ్గర జవాబు లేదు. క్లబ్ కార్యదర్శికి ఫోన్ చేస్తే, అద్దాలిస్తానన్న దాత ఊళ్లో లేరని, రాగానే చూస్తామని చెప్పారు. ఆ పెద్దాయనకు అద్దాలు అందాయో లేదో నాకు తెలియదు. ఎందుకంటే నేనూ మళ్లీ వెళ్లలేదు.

సేవా సంస్థల గురించి ఎన్ని పుస్తకాలు చదివినా, ఎన్ని నివేదికలు తిరగేసినా నాకు ఆ ప్రశ్నే అడ్డు తగులుతుంటుంది. సాయం చేసే మనసుందా, డబ్బుందా అన్నవి రెండో మాటలు. సాయం అందుకునేవాడు మొదట చూసేది నమ్మకం. ఆ నమ్మకం మళ్లీ కనిపించేవాడి మీదే కుదురుతుంది. ఊళ్లో పంచే కళ్లద్దాలకే కాదు, సముద్రాలు దాటి వచ్చే సహాయానికీ ఇదే లెక్క.

ఒక ఉదాహరణ. 2001 జనవరి 26 ఉదయం గుజరాత్‌లోని కచ్‌లో భూమి కంపించింది. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. జెండా వందనం చాక్లెట్ ఇంకా నోట్లో కరగకుండానే పెద్దల ముఖాలు మారిపోవడం గుర్తుంది. ఆ భూకంపం వేల మందిని పొట్టనపెట్టుకుంది, లక్షల మందిని రోడ్డున పడేసింది. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన సామగ్రిలో 143 పెట్టెల చిన్న సరుకు ఒకటుంది. దాన్ని పంపింది ఏ ప్రభుత్వమూ కాదు. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న హెల్‌స్టన్ అనే చిన్న పట్టణంలోని రోటరీ క్లబ్. మన మండల కేంద్రంలో ఉండే క్లబ్ లాంటిదే. 2000 సంవత్సరం వచ్చిన సందర్భంగా ఏదైనా కొత్త పని చేపడదామనుకుని ఈ పెట్టెల పథకానికి ‘షెల్టర్‌బాక్స్’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పెట్టెలో గొప్ప సాంకేతిక విజ్ఞానమేమీ లేదు. ఒక గుడారం, దుప్పట్లు, వంట పాత్రలు, నీళ్లు శుభ్రం చేసుకునే సాధనం, కొన్ని పనిముట్లు. గొప్పదనమంతా పెట్టె సర్దే ముందు వేసుకున్న ప్రశ్నలో ఉంది: ఇల్లు కూలిన కుటుంబానికి మొదటి రాత్రి ఏం కావాలి? 143 పెట్టెలతో మొదలైన ఆ పని 2004 చివరికి వచ్చేసరికి రెండున్నర వేల పెట్టెలు దాటింది. హిందూ మహాసముద్ర సునామీ తర్వాత వేల సంఖ్యకు పెరిగింది. ఆ పెట్టెలు నేటికీ విపత్తులు వచ్చిన దేశాలకు వెళుతూనే ఉన్నాయి. ఒక ఏటి కార్యవర్గం చేసిన పనిని తర్వాతి కార్యవర్గం కొనసాగించబట్టే ఇది సాధ్యమైంది.

ఆ ప్రశ్న వేసుకోకపోతే ఏం జరుగుతుందో అదే సునామీ చూపించింది. 2004 డిసెంబర్ 26 తర్వాత తమిళనాడు తీరానికి, ముఖ్యంగా నాగపట్నానికి, దేశమంతటి నుంచీ లారీలు కదిలాయి. వాటిలో పాత బట్టలే కొండలుగా వచ్చాయి. మర్యాదగా బతికిన మత్స్యకార కుటుంబాలు ఒకరు విడిచిన గుడ్డలు కట్టుకోబోమన్నాయి. ఆ బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి వానకు తడిసి, చివరికి మున్సిపాలిటీలకు చెత్త సమస్యగా మిగిలాయి. తర్వాత పడవల వంతు వచ్చింది. కనిపించే సాయం చేయాలన్న పోటీలో సంస్థలు ఫైబర్ పడవలు పంచుకుంటూ పోయాయి. కొన్ని ఊళ్లలో పడవలు మునుపటికన్నా పెరిగాయి. పడవ లేని కూలీలు, చేపలమ్ముకునే ఆడవాళ్లు మాత్రం జాబితాలకు ఆవలే ఉండిపోయారు. ఇచ్చినవారి మనసులో లోపం లేదు. ఏం కావాలని అడగలేదు, ఇచ్చింది ఏమైందో చూడ్డానికి మళ్లీ వెళ్లలేదు, అంతే.

అదే తీరానికి అవతల, శ్రీలంకలో, ఇంకో రకంగా జరిగిన పనీ ఉంది. అక్కడి రోటరీ క్లబ్బులు సునామీలో కూలిన పాఠశాలల్లో పాతికింటిని తిరిగి కట్టే పని నెత్తికెత్తుకున్నాయి. బడి కట్టడం పళ్లు పంచడం కాదు. పునాది నుంచి స్లాబు దాకా అక్కడే ఉండాలి. ఆ పనికి నాయకత్వం వహించిన కొలంబో వ్యాపారవేత్త కె.ఆర్. రవీంద్రన్ 2015-16లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడయ్యారు. అంతకు చాలా ముందే, శ్రీలంకలో అంతర్యుద్ధం సాగుతున్న రోజుల్లో, పిల్లలకు పోలియో చుక్కలు వేసే రోజున ఇరుపక్షాలూ తుపాకులు దించేలా ఒప్పించిన ప్రయత్నంలోనూ ఆయన ఉన్నారు. ప్రభుత్వం మాట తీవ్రవాదులు వినరు, తీవ్రవాదుల మాట ప్రభుత్వం నమ్మదు. ఇద్దరి దగ్గరకూ వెళ్లి రాగలిగిన మూడోవాడు ఒకడు కావలసివచ్చింది.

పోలియో మాట వచ్చింది కనుక అసలు కథలోకి వెళదాం. సేవా క్లబ్బులు ఏం చేయగలవో, ఏం చేయలేవో ఇంత స్పష్టంగా చెప్పే కథ మరోటి లేదు.

1905లో షికాగోలో పుట్టిన రోటరీ భారత్‌లో మొదట కాలుమోపింది కలకత్తాలో. చాలాకాలం అది పెద్ద మనుషుల మధ్యాహ్న భోజన సంఘంగానే పేరుపడింది. ఆడవాళ్లకు సభ్యత్వం దొరకడానికి 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. అలాంటి సంస్థ 1985లో ప్రపంచంలో పోలియోను లేకుండా చేస్తామని ప్రకటించింది. 12 కోట్ల డాలర్లు సేకరించాలనుకుని, మూడేళ్లలో 24.7 కోట్ల డాలర్లు పోగు చేసింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ లక్ష్యాన్ని తనదిగా ప్రకటించుకునే నాటికి 125 దేశాల్లో ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో బారిన పడుతున్నారు.

మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఆ ఆదివారాలు ఇప్పటి తల్లిదండ్రులకు బాగా గుర్తుంటాయి. బడిలోనో, బస్టాండులోనో ఒక బల్ల, మంచుపెట్టె, రెండు చుక్కలు, చిటికెన వేలికి నల్ల గీత. బల్ల వెనక అంగన్‌వాడీ కార్యకర్త, నర్సమ్మ. పక్కన టోపీ పెట్టుకున్న క్లబ్ సభ్యుడు. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరగడం. ఒక్కో జాతీయ విడతలో 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేయడానికి 20 లక్షలకు పైగా మనుషులు కదిలేవారు. ఇందులో సింహభాగం ప్రభుత్వానిదే, ఖర్చులో అత్యధిక భాగం కూడా. క్లబ్బులు అందులో ఓ పిడికెడు. అయితే ఆ పిడికెడు ఎక్కడ అవసరమైందన్నదే ఆసక్తికరం.

2002లో దేశంలో పోలియో కేసులు 1,600కు చేరాయి. అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనే. మొరాదాబాద్, మీరట్ చుట్టుపక్కల ముస్లిం బస్తీల్లో తలుపులు మూసుకుపోయాయి. ఆ చుక్కలు వేస్తే పిల్లలకు సంతానం కలగదన్న పుకారు పాకింది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ తల్లులు అడిగిన ప్రశ్నలో న్యాయముంది. మురికి కాలువ బాగు చేయరు, తాగునీళ్లివ్వరు, జ్వరమొస్తే డాక్టరుండడు. ఈ రెండు చుక్కలు వేయడానికి మాత్రం నెలనెలా తలుపు తడతారేం? అడిగింది ఇవ్వనివాడు అడగనిది పదేపదే ఇస్తుంటే అనుమానం రాదా?

జవాబు వైద్యశాస్త్రంలో దొరకలేదు, వీధిలో దొరికింది. రోటరీ మసీదు పెద్దలను, మత గురువులను కూర్చోబెట్టి ఉలేమాల కమిటీ ఏర్పాటు చేసింది. శుక్రవారం నమాజు తర్వాత చుక్కల గురించి చెప్పేది ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి కాదు, పిల్లాడి పుట్టువెంట్రుకల నాటి నుంచి తెలిసిన మౌల్వీ. బస్తీల్లో ఉచిత వైద్య శిబిరాలు పెట్టారు. అవును, మేం డెస్కులో నవ్వుకున్న శిబిరాలే. తల్లికి మందు, అవ్వకు కంటి పరీక్ష, పనిలో పనిగా పిల్లాడికి చుక్కలు. శిబిరం ఒక్కసారి పెట్టి వెళ్లిపోతే ఫొటో. పోలియో విడత వచ్చినప్పుడల్లా పెడితే పరిచయం. 2009 తర్వాత కార్యక్రమం మొత్తం ఈ దారికే మళ్లింది. కేసులు పదేపదే బయటపడుతున్న 107 బ్లాకుల్లో (ఉత్తరప్రదేశ్‌లో 66, బీహార్‌లో 41) చుక్కలతో పాటు పారిశుధ్యం, చేతుల శుభ్రత, విరేచనాలకు మందు, మిగతా టీకాలు కూడా చేర్చారు. ఆ తల్లుల ప్రశ్నకు ఆలస్యంగానైనా జవాబు చెప్పినట్టయింది.

2009లో 741 కేసులు. 2010లో 42. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒకటి. ఆ తర్వాత సహజ పోలియో వైరస్ కేసు మన దేశంలో లేదు. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతమంతటితో పాటు భారత్‌కూ పోలియో రహిత ధ్రువపత్రం దక్కింది.

రాజనీతిశాస్త్రం చదువుకునే రోజుల్లో అశుతోష్ వార్ష్నే 2002లో వెలువరించిన అధ్యయనం మా తరగతిలో చర్చకు వచ్చేది. హైదరాబాద్-లక్నో, అలీగఢ్-కాలికట్ వంటి జంట నగరాలను పోల్చి, హిందూ ముస్లింలు కలిసి నడిపే వర్తక సంఘాలు, యూనియన్లు, క్లబ్బులు ఉన్నచోట పుకారు కొట్లాటగా మారడం కష్టమని ఆయన వాదించారు. ఉత్తరప్రదేశ్ పోలియో కథ చదివినప్పుడు నాకదే గుర్తొచ్చింది. మాంసం ముక్క గురించి పుట్టినా, టీకా చుక్క గురించి పుట్టినా పుకారు పుకారే. అది ఆగాలంటే అవతలి వీధిలో ఫోన్ ఎత్తే మనిషి ఒకడుండాలి. ప్రతి వారం సమావేశమై, టీ తాగి, జరిమానాలు వేసుకుని, ఏటా అధ్యక్షుణ్ని మార్చుకునే విసుగు పుట్టించే ఏర్పాటు ఉన్నది ఆ పరిచయాల కోసమే.

నమ్మకం పోగుపడ్డానికి ఏళ్లు పడుతుంది. పోవడానికి ఒక్క అబద్ధం చాలని సరిహద్దుకు ఆవల రుజువైంది. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అబోటాబాద్‌లో హెపటైటిస్ టీకాల పేరిట దొంగ శిబిరం నడిపించింది. అది పోలియో కార్యక్రమం కాదు. కానీ ఆ సంగతి బయటపడ్డాక తేడా ఎవరు చూస్తారు? 2012లో ఉత్తర వజీరిస్థాన్‌లో తాలిబన్లు పోలియో చుక్కలను నిషేధించారు. అదే డిసెంబర్‌లో కరాచీలో, పెషావర్ పరిసరాల్లో టీకా కార్యకర్తలు తూటాలకు బలయ్యారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు, చాలీచాలని రోజుకూలికి మంచుపెట్టె మోసినవారు. 2014లో పాకిస్థాన్‌లో కేసులు 306కు ఎగబాకాయి. ఎంతో కష్టపడి 2021లో ఒక్క కేసుకు దించుకొచ్చారు. 2024లో మళ్లీ 74. పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్ మినహా సహజ పోలియో పాతుకుపోయిన దేశం మరోటి లేదు. ఈ దక్షిణాసియా ఆఖరి మైలు ఇంకా మిగిలే ఉంది.

అది వాళ్ల సమస్య అనుకోవడానికి లేదు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి రూపాంతరం చెందిన పోలియో వైరస్ కనిపించింది. ఒక్క పిల్లాడికీ జబ్బు రాలేదు. అయినా ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ రూపంలో టీకా వేయాలని ప్రత్యేక కార్యక్రమం చేపట్టారు. ధ్రువపత్రం వచ్చి రెండేళ్లు దాటాక కూడా మురుగు కాలువలో చూస్తూ కూర్చున్నవాళ్లున్నారు కాబట్టే అది బయటపడింది. పని ముగిసిందనుకున్న తర్వాత చేసే పనికి దండలుండవు, ఫొటోలూ ఉండవు.

ఇక డబ్బు, దాని వెనక రాజకీయం. మన దేశం సునామీ తర్వాత చాలా ఏళ్ల పాటు విదేశీ ప్రభుత్వాల సాయానికి మర్యాదగా వద్దని చెబుతూ వచ్చింది. 2018 కేరళ వరదలప్పుడూ కేంద్రం అదే చెప్పింది, ప్రవాసులు, విదేశీ ఫౌండేషన్లు సహాయ నిధులకు ఇస్తే స్వాగతమంది. అయితే 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థ అందుకున్న సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకుండా నిషేధించింది. డబ్బుకు జవాబుదారీ ఉండాలన్నది న్యాయమే. కానీ నగరంలోని పెద్ద సంస్థ నుంచి మారుమూల మండలంలోని చిన్న సంస్థకు సాయం పారే కాలువ కూడా దాంతో మూసుకుపోయింది. మళ్లీ వెళ్లగలిగేది ఆ మండలంలో ఉండేవాడేనని చట్టం రాసినవారికి తోచినట్టు లేదు.

మరోపక్క ఇచ్చే దేశాలే చేతులు ముడుచుకుంటున్నాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు అమెరికా ప్రకటించింది. అదే ఏడాది జూలై నాటికి ఆ దేశపు విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ఆ ఖాళీని క్లబ్బులు పూడుస్తాయా? పూడ్చలేవు. పోలియో కోసం రోటరీ ఏటా సమకూర్చాలనుకున్నది 5 కోట్ల డాలర్లు. గేట్స్ ఫౌండేషన్ దానికి రెట్టింపు కలిపినా 15 కోట్లు. పెద్ద మొత్తమే, కానీ ప్రభుత్వాల పనికి ప్రత్యామ్నాయం కాదు. క్లబ్ ఆసుపత్రిని నడపలేదు. ఆసుపత్రి గడప తొక్కడానికి భయపడేవాణ్ని చేయి పట్టుకుని తీసుకురాగలదు. ప్రభుత్వం ఆసుపత్రే లేకుండా చేసి ఆ చేయిని పొగిడితే మోసపోకూడదు. ఆ చేయి అక్కర్లేదని ప్రభుత్వం అనుకున్నా మోసమే.

ఈ జూలైలోనూ మన పట్టణాల్లో కొత్త అధ్యక్షుల మెడలో పతకాల గొలుసులు పడతాయి. శిబిరాలు జరుగుతాయి, ఫొటోలొస్తాయి. ఫొటో తప్పని నేననను. పేరు కోసమైనా పని జరిగితే మేలే. కాకపోతే కొత్త అధ్యక్షుడు తన తొలి సమావేశంలో నిరుటి కార్యదర్శిని ఒక్కటి అడగాలి: పోయిన ఏడాది పరీక్షలు చేసిన వారిలో ఎంతమందికి అద్దాలు అందాయి? నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి? ఆ లెక్క పట్టుకుని పేపరాఫీసుకు వస్తే, పదకొండు మంది పేర్లూ వేయడానికి విలేకరులకు అభ్యంతరం ఉండనక్కర్లేదు.

విలేకరులకూ ఇది వర్తిస్తుంది. శిబిరం వార్త రాసినవాడు ఆర్నెల్ల తర్వాత ఒకసారి ఆ ఊరికి వెళ్లాలి. బస్టాండులో ఆ పెద్దాయన అడిగింది క్లబ్బు గురించే అని చాలాకాలం అనుకున్నాను. “మీరూ ఉన్నారుగా” అన్న మాట నన్ను ఉద్దేశించిందేనని ఆలస్యంగా అర్థమైంది.